బడి వేళలు పెంచితే చదువు పెరుగుతుందా?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బడి సమయం పొడిగించడం గురించే. ఒకే సందేహం పలువురు రాసినచోట కలిపి ఇచ్చాం.

ప్రశ్న: వచ్చే ఏడాది నుంచి పై తరగతులకు రోజూ ఒక గంట అదనంగా బడి నడపాలని మా కమిటీ ఆలోచన. ఫలితాలు ఏ మేరకు మెరుగుపడతాయో ముందే అంచనా వేయగలమా? (ఒక ప్రధానోపాధ్యాయురాలు)

జవాబు: వేయవచ్చు, కానీ ఆ అంచనా మీ కమిటీకి అంతగా నచ్చకపోవచ్చు. గంట పెంచి ఊరుకుంటే వచ్చే లాభం చిన్నది. ఆ గంటలో ఏం జరుగుతుందన్నదాన్ని బట్టి అది సున్నా కూడా కావచ్చు.

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 2012లో ఒక చట్టం చేసింది. చదవడంలో అట్టడుగున ఉన్న 100 ప్రాథమిక పాఠశాలలు రోజూ ఒక గంట అదనంగా పనిచేయాలి, ఆ గంటను చదవడం నేర్పడానికే వాడాలి. పరిశోధకులు తేల్చిన లాభం ప్రామాణిక విచలనంలో 0.05. ఈ లెక్క మామూలు మాటల్లో ఇలా ఉంటుంది: నూరుమంది పిల్లలను మార్కుల వరుసలో నిలబెడితే, కింది నుంచి 50వ చోట ఉన్న పిల్లవాడు 52వ చోటికి వచ్చాడు. ఏడాదంతా రోజుకో గంట పెడితే దక్కింది అంతే. చిలీ దేశం 1997లో బడులను పూర్తి రోజు బడులుగా మార్చడం మొదలుపెట్టింది. రెండు షిఫ్టుల్లో నడిచే బడులకు కొత్త గదులు కట్టవలసి వచ్చింది, ఖర్చు భారీగా అయింది. అక్కడా మార్కుల్లో పెరుగుదల స్వల్పమే. నెదర్లాండ్స్‌లో 11 వారాల పాటు లాటరీ పద్ధతిలో ఎంపికచేసిన పిల్లలకు అదనపు తరగతులు పెట్టి చూస్తే, తేడా ఉందని చెప్పుకోదగ్గ ఫలితమే రాలేదు.

మీ కమిటీ ముందు పెట్టాల్సిన ఉదాహరణ హర్యానాది. 2011–12 విద్యా సంవత్సరం నుంచి అక్కడి ప్రభుత్వ బడులన్నీ రోజుకు ఒక గంట అదనంగా నడవాలని ఆదేశం వచ్చింది. మామూలు బడుల్లో ఆ గంట రోజువారీ పాఠాల్లోనే కలిసిపోయింది. కొన్ని బడుల్లో మాత్రం ప్రథమ్ అనే విద్యా స్వచ్ఛంద సంస్థ పద్ధతి అమలుచేశారు. ఆ గంటకు తరగతుల తేడా పక్కనపెట్టి, ఎవరు ఏ స్థాయిలో చదవగలరో చూసి పిల్లలను గుంపులు చేసి, ఆ స్థాయి నుంచే హిందీ నేర్పారు. ఈ బడుల పిల్లలు హిందీలో మిగతా బడుల కంటే ప్రామాణిక విచలనంలో 0.15 ముందుకెళ్లారు, అంటే 50వ చోటి నుంచి 56కి. గమనించండి, గంట రెండు రకాల బడుల్లోనూ పెరిగింది. తేడా తెచ్చింది గుంపులు చేసిన తీరు. కాబట్టి కమిటీలో ‘ఎంతసేపు పెంచుదాం’ అన్న చర్చకు ముందు ‘ఎవరికి, ఏం నేర్పడానికి’ అన్నది తేలాలి. అది తేలకపోతే గంట ప్రస్తావనే తేవద్దు.

ప్రశ్న: అసలు ఇప్పుడున్న సమయంలోనే చాలా వృథా అవుతోందని నా అనుమానం. దాన్ని కొలిచే పద్ధతి ఏదైనా ఉందా? (గణిత ఉపాధ్యాయుడు)

జవాబు: ఉంది, పరికరాలేమీ అక్కర్లేదు. అమెరికన్ విద్యా పరిశోధకురాలు జేన్ స్టాలింగ్స్ రూపొందించిన పరిశీలన పద్ధతిని ప్రపంచ బ్యాంకు లాటిన్ అమెరికా దేశాల్లో వేల తరగతి గదుల్లో వాడింది. పీరియడ్‌ను పది సమాన భాగాలు చేసి, ప్రతి భాగంలో ఒకసారి గది మొత్తాన్ని ఒక చూపు చూసి, ఆ క్షణాన ఉపాధ్యాయుడు ఏం చేస్తున్నాడో, పిల్లలు ఏం చేస్తున్నారో గుర్తు పెట్టుకోవడమే పని. 40 నిమిషాల పీరియడ్ అయితే నాలుగు నిమిషాలకో చూపు. రాయాల్సిన గడులు మూడే: ఒకటి, పాఠం నడుస్తోంది; రెండు, పుస్తకాలు పంచడం, హాజరు, సద్దుమణిగించడం వంటి నిర్వహణ పని; మూడు, పాఠమూ లేదు, నిర్వహణా లేదు. పదిలో పాఠం పడిన గుర్తులు ఎన్నో లెక్కపెడితే శాతం వచ్చేస్తుంది.

ప్రపంచ బ్యాంకు 2014లో ప్రచురించిన ఈ లెక్కల ప్రకారం పాఠానికి దక్కుతున్న సమయం ఏ దేశంలోనూ 65 శాతం దాటలేదు. మంచి తరగతికి వాళ్లు పెట్టుకున్న గుర్తు 85 శాతం. ఆ తేడాను రోజుల్లోకి మారిస్తే వారానికి ఒక రోజు బడి మూసేసినట్టు.

మీ బడిలో చేయాలంటే ఒక వారం చాలు. రోజుకు నాలుగు పీరియడ్లు, వేర్వేరు తరగతులు, వేర్వేరు వేళలు ఎంచుకోండి. ముఖ్యంగా మొదటి పీరియడు, విరామం తర్వాతి పీరియడు, చివరి పీరియడు వదలొద్దు, చిల్లు పడేది అక్కడే. కాగితం మీద ఉపాధ్యాయుల పేర్లు రాయకండి. పేర్లు రాస్తే అది తనిఖీ అవుతుంది, ఆ వారం అందరూ గంట కొట్టగానే లోపల ఉంటారు, మీకు అబద్ధపు లెక్క వస్తుంది.

చాలాచోట్ల బయటపడేది ఇదే: గంట కొట్టాక పాఠం మొదలవడానికి మూడు నాలుగు నిమిషాలు, చివర్లో పుస్తకాలు సర్దడానికి రెండు మూడు. మొత్తం ఆరు అనుకుందాం. ఎనిమిది పీరియడ్లకు రోజుకు 48 నిమిషాలు, 220 పనిదినాలకు 176 గంటలు. మొదటి ప్రశ్నలోని కమిటీ అడిగే అదనపు గంటను రోజూ కాక వారానికి నాలుగు రోజుల చొప్పున 36 వారాలు నడిపితే వచ్చేది 144 గంటలే!

ఈ నిమిషాలు రాబట్టుకునే మార్గాలు తెలిసినవే, పట్టుబట్టి చేయడమే కష్టం. పిల్లలు గదులు మారే బదులు ఉపాధ్యాయులే మారేలా చూడండి. ప్రతి పీరియడ్‌లో పేర్లు పిలవడం మానేసి ఉదయం, మధ్యాహ్నం చెరోసారి హాజరు తీసుకోండి. ఉపాధ్యాయుడు లోపలికి వచ్చేసరికి నిన్నటి పాఠం మీద రెండు ప్రశ్నలు బోర్డు మీద ఉండాలి, పిల్లలు కూర్చోగానే నోట్సులో జవాబు రాయడం మొదలుపెట్టాలి. ప్రకటనలన్నీ ఉదయం ఒక్కసారే. మధ్యలో నోటీసు పట్టుకుని గదిగదికీ తిరగడం పూర్తిగా ఆపేయాలి. ప్రయోగాలు ఉండే సబ్జెక్టులకు రెండు పీరియడ్లు కలిపి ఇస్తే ఒక మార్పిడి తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. బోర్డు మీది నోట్సు పిల్లలు దించుకుంటుంటే మీ కాగితంలో అది ‘పాఠం నడుస్తోంది’ గడిలోనే పడుతుంది. కానీ 25 నిమిషాలు దించుకోవడమే అయితే శాతం బాగున్నా చదువు సాగనట్టే. ఆ గుర్తు పక్కన చిన్న ‘ద’ రాసుకోండి, తర్వాత విడిగా లెక్కపెట్టండి.

ప్రశ్న: సరే, గంట పెంచాలని నిర్ణయం జరిగిపోయింది. ఆ గంటను ఎలా నడపాలో నిమిషాల లెక్కతో చెప్పండి. (పలువురు)

జవాబు: ముందు పరీక్ష. రాతపరీక్ష కాదు, ఒక్కొక్కరినీ పిలిచి చేయించే నోటి పరీక్ష. చదవడానికి నాలుగు మెట్లు చాలు: అక్షరాలు, మాటలు, నాలుగు వాక్యాల పేరా, పది వాక్యాల కథ. లెక్కలకు అంకెల గుర్తింపు, తీసివేత, భాగహారం. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పడుతుంది. 120 మంది పిల్లలకు 600 నిమిషాలు. ఆరుగురు ఉపాధ్యాయులు పంచుకుంటే తలకు 100 నిమిషాలు, రెండు సాయంత్రాల్లో అయిపోతుంది. యూనిట్ టెస్ట్ మార్కులు చూసి గుంపులు చేస్తే సమయం ఆదా అవుతుందని అనిపిస్తుంది. వద్దు. 30 మార్కులు వచ్చిన ఇద్దరిలో ఒకరికి చదవడమే రాకపోవచ్చు, రెండోవారికి చదవడం వచ్చి పాఠం అర్థం కాకపోవచ్చు. వాళ్లిద్దరికీ కావలసిన గంట ఒకటి కాదు.

తర్వాత గుంపులు. ఆ 120 మందిలో 18 మంది మాటల దగ్గరే ఆగారనుకోండి, 36 మంది పేరా దగ్గర, 66 మంది కథ చదవగలరు. ఆరుగురు ఉపాధ్యాయులను తలకు 20 మంది చొప్పున పంచకండి. మొదటి 18 మందికి ఇద్దరు (తొమ్మిదేసి మంది), 36 మందికి ఇద్దరు (పద్దెనిమిదేసి), 66 మందికి ఇద్దరు (ముప్పైమూడేసి). బాగా వచ్చినవాళ్లు పెద్ద గుంపులో కూడా పని చేసుకోగలరు. అక్షరం దగ్గర తడబడే పిల్లవాడికి మాత్రం ప్రతి రోజూ ఉపాధ్యాయుడి చెవి పక్కనే ఉండాలి.

గంట పంపకం ఇలా: గుంపుల్లోకి చేరడానికి 5 నిమిషాలు. నిన్నటిది, పోయిన వారానిది గుర్తుచేసుకునే ప్రశ్నలకు 10. కొత్త విషయానికి 25. ఒంటరిగా సాధన 15, ఉపాధ్యాయుడు తిరుగుతూ ప్రతి ఒక్కరి పనీ ఒకసారైనా చూడాలి. చివరి 5 నిమిషాల్లో చీటీ మీద ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు రాసి ఇచ్చి వెళ్లాలి. ఆ చీటీలు మూడు కుప్పలుగా వేస్తే (వచ్చింది, సగం వచ్చింది, రాలేదు) రేపటి 10 నిమిషాల్లో ఏం అడగాలో తేలుతుంది.

చెడిపోయేది ఎక్కడంటే, మొదటి రెండు వారాలయ్యాక ఎవరో ఒకరు ‘సిలబస్ వెనకబడింది, ఈ గంటలో కానిచ్చేస్తాను’ అంటారు. ఒక్కసారి ఒప్పుకుంటే ఆ గంట తొమ్మిదో పీరియడ్ అయిపోతుంది. అందుకే ఆ గంటలో పాఠ్యపుస్తకం తెరవకూడదని రాతపూర్వకంగా పెట్టుకోవడం మంచిది. రెండోది, బడిలో అందరికంటే బాగా చెప్పే ఉపాధ్యాయుడిని ర్యాంకుల గుంపుకు ఇస్తారు, అట్టడుగు గుంపు కొత్తవారికి పడుతుంది. లాభం రావాల్సింది ఎక్కడో ఆలోచిస్తే ఇది తలకిందులు. మూడోది, గుంపు ముద్రగా మారిపోవడం. ఆరు వారాలకోసారి అదే నోటి పరీక్ష పెట్టి కదిలించకపోతే జూన్‌లో కింద కూర్చున్న పిల్లవాడు మార్చిలోనూ అక్కడే ఉంటాడు. గుంపులకు ఏ, బీ, సీ అని పేర్లు పెట్టకండి, పిల్లలకు వరుస తెలియకుండా ఉండదు కానీ మీరు గోడకు అతికించనక్కర్లేదు.

లెక్కల్లో బాగా వెనకబడినవారికి ఇంతకంటే చిన్న గుంపు కావాలి. అమెరికాలో హ్యూస్టన్ నగరం 2010 నుంచి కొన్ని బడుల్లో సమయం పెంచడంతోపాటు కొన్ని తరగతుల పిల్లలకు, ఇద్దరికి ఒకరు చొప్పున, రోజూ లెక్కలు చెప్పే సహాయకులను పెట్టింది. లెక్కల్లో పెరుగుదల స్పష్టంగా కనిపించింది, చదవడంలో దాదాపు లేదు. అంత మంది సహాయకులు అన్నిచోట్లా దొరకరు, నిజమే. నలుగురికి ఒకరు, వారానికి కనీసం మూడు రోజులు అన్నది పెట్టుకోదగ్గ హద్దు. వారానికి ఒక రోజు చేసేది గుర్తుండదు.

ప్రశ్న: మా దగ్గర అదనపు గంట అంటే స్టడీ అవర్. పిల్లలు వరుసగా కూర్చుని చదువుకుంటారు, ఒక టీచర్ కాపలా ఉంటారు. ఇది సరిపోదా?

జవాబు: కూర్చోవడానికి సరిపోతుంది. చదివిందే మళ్లీ చదవడానికి, పుస్తకం మూసి గుర్తుచేసుకోవడానికి మధ్య తేడా ఎంతో 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొలిచారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవారికి ఐదు నిమిషాల తర్వాత 81 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, పుస్తకం మూసి గుర్తున్నది రాసినవారికి 75 శాతం. వారం తర్వాత చూస్తే తారుమారు: మొదటివారికి 42 శాతం, రెండోవారికి 56. స్టడీ అవర్‌లో పిల్లలకు అంతా వచ్చేసినట్టు అనిపించి, పరీక్షలో రాకపోవడానికి కారణం ఇదే.

మార్చాల్సింది కొంచెమే. 20 నిమిషాలు చదవాలి, పుస్తకం మూసి 10 నిమిషాలు గుర్తున్నది రాయాలి, తెరిచి 5 నిమిషాలు ఎర్ర సిరాతో వదిలేసినవి నింపాలి. మిగిలిన సమయంలో నిన్నటి పేజీ, పోయిన వారం పేజీ తీసి అదే పని. కాపలా ఉన్న టీచర్‌కు ఆ సబ్జెక్టు రాకపోయినా ఇది నడుస్తుంది. గట్టిగా వల్లెవేయడం మాత్రం ఆపించండి, పక్కవాడి గొంతే వినిపిస్తుంది.

ప్రశ్న: జీతం పెంచకుండా, ఎవరినీ కొత్తగా తీసుకోకుండా ‘సర్దుకోండి’ అంటున్నారు. రోజుకు గంటే కదా అని అందరి మాట. ఇది న్యాయమా? (ఉపాధ్యాయిని)

జవాబు: న్యాయం సంగతి పక్కన పెట్టి ముందు లెక్క వేద్దాం, యాజమాన్యాలకు అదే త్వరగా అర్థమవుతుంది. రోజూ కాక వారానికి నాలుగు గంటలే అనుకున్నా, 36 వారాలకు 144 గంటల బోధన. గంట బోధనకు తయారీకీ దిద్దడానికీ కలిపి 20 నిమిషాలు అనుకున్నా మరో 48 గంటలు. మొత్తం 192. రోజుకు ఆరు గంటల పని అనుకుంటే ఏడాదికి 32 రోజుల పని అదనం. ‘రోజుకు గంటే కదా’ అన్నది ఇదీ.

బడి వైపు నుంచి చూస్తే, ఆరు గుంపులకు వారానికి నాలుగు గంటలంటే 24 బోధన గంటలు. ఇంచుమించు ఒక పూర్తికాల ఉపాధ్యాయుడి వారం మొత్తం. ఆ పోస్టు ఇవ్వకుండా గంట పెంచడమంటే ఉన్నవారి తయారీ సమయంలోంచి తీసుకోవడమే, అప్పుడు పగటి పాఠాలు పలచబడతాయి. సాయంత్రం వచ్చిన లాభం అలా పోతుంది.

డబ్బు లేకపోతే మిగిలే దారి వేళలు మార్చడం. సగం మంది గంట ముందొచ్చి గంట ముందు వెళ్తారు, మిగతా సగం గంట ఆలస్యంగా వచ్చి చివరిదాకా ఉంటారు. ఇది నడవాలంటే ఉదయం మొదటి పీరియడ్‌లో సగం సిబ్బందితో బడి నడవాలి. అంటే ఆ వేళకు ఆటలు, గ్రంథాలయం, చిత్రలేఖనం వంటి రెండు సెక్షన్లు కలిపి నడపగలిగేవి పెట్టాలి. టైం టేబుల్ వేసేవారికి వారం రోజుల తలనొప్పి, కానీ సాధ్యమే.

ఉపాధ్యాయులతో ఒప్పందం కుదరకుండా మొదలుపెడితే ఏమవుతుందో డెన్మార్క్‌ చూసింది. పని వేళల మీద 2013 ఏప్రిల్‌లో దాదాపు నాలుగు వారాలు ఉపాధ్యాయులను బడుల్లోకి రానివ్వని లాకౌట్ జరిగింది, చివరికి చట్టం చేసి ముగించారు. 2014లో బడి వారం పెరిగి, తరగతిని బట్టి 30–35 గంటలైంది. తర్వాత 2019లో చిన్న తరగతులకు మళ్లీ కొంత తగ్గించారు.

ప్రశ్న: మా అబ్బాయికి పద్నాలుగేళ్లు. అదనపు క్లాసు కోసం ఉదయం ఆరున్నరకే బడికి రమ్మంటున్నారు. రాత్రి పదిన్నర దాటందే వాడికి నిద్ర పట్టదు. మందలించినా లాభం లేదు. (ఒక తల్లి)

జవాబు: మందలించకండి అమ్మా, అది మొండితనం కాదు. యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ ఒంట్లో విడుదలయ్యే వేళే ఆలస్యమవుతుంది, చిన్నప్పటి కంటే గంట, ఒక్కోసారి రెండు గంటలు కూడా. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర, 6 నుంచి 12 ఏళ్ల వారికి 9 నుంచి 12 గంటలు కావాలని నిద్ర వైద్యుల సిఫారసు. మీ అబ్బాయి ఆరున్నరకు బడిలో ఉండాలంటే ఐదున్నరకైనా లేవాలి. పదిన్నరకు పడుకుంటే ఏడు గంటలు. కనీస నిద్రలో రోజుకు గంట కోత, వారానికి ఆరు గంటలు. ఆ రోజు నేర్చుకున్నది జ్ఞాపకంలో కుదురుకునేది చాలావరకు నిద్రలో కాబట్టి, నిద్ర కోసి చదువు పెంచడం కుదరదు.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లో పై తరగతుల బడులు ఉదయం 8:30 కంటే ముందు మొదలవకూడదని చెప్పింది. కాలిఫోర్నియా 2019లో చట్టమే చేసింది, 2022 నుంచి అమల్లో ఉంది. బడివారితో మాట్లాడేటప్పుడు ‘మా వాడికి కష్టం’ అని కాక, ‘ఈ గంటను సాయంత్రానికి మార్చగలరా, పగటి పీరియడ్లలో దేన్నైనా దీనికి ఇవ్వగలరా, ఇది ఏ పిల్లలకు అవసరమని పరీక్షించి తేల్చారు’ అని అడగండి. మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే మీ అబ్బాయికి ఆ క్లాసు అవసరమేనని ఎవరికీ తెలియదన్నమాట.

ప్రశ్న: చివరి పీరియడ్‌కి కళ్లు మూసుకుపోతాయి. అప్పుడు ఇంకో గంట కూర్చోబెడితే ఏం ఎక్కుతుంది? (పదో తరగతి విద్యార్థి)

జవాబు: నీ అనుమానానికి ఆధారం ఉంది. డెన్మార్క్‌లో దాదాపు 20 లక్షల పరీక్షలను పరిశీలించి 2016లో లెక్క ప్రచురించారు. పరీక్ష ఒక్కో గంట ఆలస్యమయ్యే కొద్దీ మార్కులు కొద్దికొద్దిగా తగ్గాయి. 20–30 నిమిషాల విరామం తర్వాత రాస్తే ఆ తగ్గిన మార్కులు తిరిగొచ్చి, ఇంకొంచెం పెరిగాయి. వెనకబడిన పిల్లల్లో ఈ రెండు ప్రభావాలూ ఎక్కువ. కాబట్టి బడి చివరి గంటకు, అదనపు గంటకు మధ్య కనీసం 20 నిమిషాలు బయట తిరగనివ్వాలి, ఏదైనా తిననివ్వాలి, నీళ్లు తాగనివ్వాలి. మీ ఉపాధ్యాయులకు ఈ మాట చూపించు.

ప్రశ్న: ఫిన్లాండ్‌లో బడి గంటలు తక్కువ, ఫలితాలు మంచివి అంటారు కదా. మరి పెంచడం ఎందుకు?

జవాబు: గంటలు తక్కువే. కానీ అక్కడ ఉపాధ్యాయుడవ్వాలంటే మాస్టర్స్ డిగ్రీ కావాలి, వెనకబడిన పిల్లలకు మొదటి తరగతుల నుంచే విడిగా సాయం అందుతుంది. ఒక్క గంటల సంఖ్యను పట్టుకుని రెండు దేశాలను పోల్చితే అటూ చెప్పవచ్చు, ఇటూ చెప్పవచ్చు.

ప్రశ్న: బడి పెరిగాక హోంవర్క్ ఉండాలా?

జవాబు: చిన్న తరగతులకు వద్దు. పెద్దవారికి పెరిగిన సమయమంత తగ్గించాలి. ఇంట్లో సాయం చేసేవారు లేని పిల్లలకు అదనపు గంట వల్ల దక్కే అసలు లాభం ఇదే: అర్థంకాని చోట అడగడానికి మనిషి ఉంటారు. సబ్జెక్టుకొకరు విడివిడిగా ఇవ్వకుండా, తరగతికి ఒక హోంవర్క్ పట్టిక గోడకు పెట్టండి. అది నిండితే ఇంక ఎవరూ ఇవ్వకూడదు.

ప్రశ్న: ఏడాది చివర్లో ఇది పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది? పోయినసారి అదనపు తరగతుల తర్వాత వెనకబడిన పిల్లల మార్కులు సగటున పెరిగాయి. అయినా సందేహంగానే ఉంది. (ప్రధానోపాధ్యాయుడు)

జవాబు: మీ సందేహం సరైనదే. ఒక పరీక్షలో అతి తక్కువ మార్కులు వచ్చిన 40 మందిని ఎంచుకున్నారనుకోండి. వాళ్లలో కొందరు నిజంగా వెనకబడినవారు, కొందరు ఆ రోజు జ్వరంతో రాసినవారు, కొందరికి చదవని పాఠంలోంచే ప్రశ్నలు వచ్చాయి. మీరేమీ చేయకపోయినా తర్వాతి పరీక్షలో రెండో, మూడో రకం పిల్లల మార్కులు పెరుగుతాయి, సగటు పెరుగుతుంది. ఆ పెరుగుదలంతా అదనపు గంట ఖాతాలో పడుతుంది. చాలా బడుల్లో విజయం అని చెప్పుకునేదాంట్లో ఎంతో కొంత ఇదే ఉంటుంది.

దీనికి విరుగుడు లాటరీ. ఆ 40 మంది పేర్లు చీటీలు వేసి 20 మందికి మొదటి 12 వారాలు, మిగతా 20 మందికి తర్వాతి 12 వారాలు ఇవ్వండి. అందరికీ ఒకేసారి చెప్పడానికి మనుషులు ఎలాగూ చాలరు కాబట్టి తల్లిదండ్రులకు వివరించడం కష్టం కాదు. 12వ వారం చివర 40 మందికీ ఒకే నోటి పరీక్ష పెట్టండి. పరీక్షించేది ఆ గుంపుకు చెప్పిన ఉపాధ్యాయుడు కాకూడదు, ఎవరు ఏ సగంలో ఉన్నారో పరీక్షించేవారికి తెలియకపోతే ఇంకా మంచిది. రెండు సగాల మధ్య తేడాయే మీ ఫలితం. 40 మందితో చిన్న తేడాలు తేలవు. ఒకరిద్దరు పిల్లలు అటు ఇటైనా మారిపోయే తేడాను లెక్కలోకి తీసుకోకండి.

పక్కనే ఒక రిజిస్టర్ పెట్టండి. 12 వారాలకు నాలుగేసి గంటలు, అంటే 48. సెలవులు, సమావేశాలు, పరీక్షల పేరుతో రద్దయినవి 10 అనుకుందాం, మిగిలినవి 38. హాజరు 70 శాతమైతే సగటు పిల్లవాడికి దక్కింది 27 గంటల లోపే. కాగితం మీది కార్యక్రమంలో అది సగం కంటే కాస్త ఎక్కువ. తేడా కనిపించకపోతే పద్ధతిని తప్పుపట్టే ముందు చూడాల్సిన వరుస ఇది: ఎన్ని గంటలు రద్దయ్యాయి, పిల్లలు ఎందుకు రాలేదు (చాలాసార్లు కారణం చీకటి పడ్డాక ఇంటికి వెళ్లే దారి, లేదా ఆఖరి బస్సు), ఆరో వారంలో గుంపులు మార్చారా లేదా, గంట చివర పిల్లలు రాసిచ్చిన చీటీలు ఎవరైనా చూశారా. ఇవన్నీ సరిగ్గా ఉండి, 30 గంటలకు పైగా అంది, అయినా తేడా లేకపోతే రెండో సగానికి ఆ గంట కొనసాగించకండి. ఆ ఉపాధ్యాయులను పగటివేళ, అదే పిల్లల సాధారణ తరగతిలో, రెండో టీచర్‌గా నిలబెట్టి మరో 12 వారాలు చూడండి.